పసుపు గీతకు ఇవతల

పిస్టల్ కొనాలన్న ఆలోచన మొదటి కోడి చచ్చిన రోజున రాలేదు. వీరాంజనేయులు గారు నవ్విన రోజున వచ్చింది.

అప్పటికి నా ఉద్యోగం పోయి రెండు నెలలు దాటింది. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల బ్రేకులు తయారు చేసే కంపెనీలో టెస్టింగ్ ల్యాబ్ నాది. మా ఆయన పద్మనాభం అదే కంపెనీలో విడిభాగాల ధరలు కట్టేవారు. మా ఇద్దరికీ పైన డైరెక్టర్ వీరాంజనేయులు గారు. ఆయన మా పక్కింటి ఆయన కూడా. ట్రాయ్‌కి ఉత్తరాన, పొలాలూ అడవీ కలిసే చోట, రెండు కుటుంబాలమూ కూడబలుక్కుని పక్కపక్కనే స్థలాలు కొని ఇళ్ళు కట్టుకున్నాం. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని.

మార్చిలో ఒక ఆదివారం ఆయనా, ఆయన భార్య జయంతి వదినా మా ఇంటికి భోజనానికి వచ్చారు. గుత్తివంకాయ కూర ఆయన రెండోసారి కూడా వడ్డించుకున్నారు. మర్నాడు పొద్దున్న నన్ను కంప్యూటర్‌లో మీటింగ్‌కి పిలిచి, ఎవరో రాసిచ్చిన నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో చదివి, నా ఉద్యోగం లేదన్నారు. తెలుగులో ఒక్క మాట అనలేదు.

లేఆఫ్‌లు ఎవరికైనా వస్తాయి. నాకు మింగుడుపడనిది ఆ రెండోసారి వడ్డించుకోవడం. నా చేతి కూర తింటున్నప్పుడే ఆయనకి అంతా తెలుసు. పొయ్యి దగ్గర నిలబడితే అదే గుర్తుకొచ్చేది. ఆ వంకాయ కూర మళ్ళీ వండలేదు.

ఏప్రిల్‌లో దాణా షాపు నుంచి కోడిపిల్లలు తెచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక తెచ్చుకున్నవి. యూట్యూబ్ చూసి గూడు నేనే కట్టాను. మా అమ్మాయి దేదీప్య ఒక్కోదానికీ ఒక్కో అమెరికన్ పేరు పెట్టింది. ఆగస్టులో అది కాలేజీకి యాన్ ఆర్బర్ వెళ్ళిపోవాలి. వెళ్ళేలోగా గుడ్డు పెట్టడం చూస్తానని దాని ఆశ.

కోళ్ళని పగలు గూడు బయట తిరగనిచ్చేవాళ్ళం. మే చివర్లో ఒకటి పోయింది. వారం తిరక్కుండా ఇంకొకటి. ఈకలు అడవి వైపు, అంటే వీరాంజనేయులు గారి ఇంటి వైపు, చెదిరి ఉన్నాయి. వాళ్ళకి కూపర్ అని పెద్ద హస్కీ కుక్క ఉంది. సాయంత్రం వెళ్ళి మర్యాదగానే అడిగాను.

"అన్నయ్యగారూ, మీ కూపర్ ఏమైనా మా వైపు వస్తున్నాడా?"

ఆయన గరాజ్ ముందు కారు తుడుచుకుంటూ నవ్వారు. "మా వాడా? వాడికి బిస్కెట్ ప్యాకెట్ చింపడం రాదు చెల్లెమ్మా. కయోటీ, అదే, అడవి నక్క అయ్యుంటుంది. ఒక గన్ కొనుక్కో. ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా!"

ఖాళీగానే ఉన్నావుగా. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

"తుపాకీయా? మన ఇంట్లోనా?" అన్నారు పద్మనాభం. "వదిలెయ్ దుర్గా. రెండు కోళ్ళ కోసం ఆయనతో పేచీ ఎందుకు? నా ఉద్యోగమైనా ఉండనీ."

"పేచీ పెట్టుకోవడం లేదండీ. ఆయన చెప్పిన పనే చేస్తున్నాను."

* * *

లైసెన్స్ కాగితాలు తీసుకుని హైవే పక్కన తుపాకుల షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక తల నెరిసిన ఒక తెల్లావిడ ఉంది. పేరు బార్బరా. చీరల షాపులో లాగా ఒక్కొక్కటీ తీసి గుడ్డ మీద పరిచింది.

"దేనికి?" అంది.

"ఇంటి చుట్టూ జంతువులు. రకూన్లు, కయోటీలు. మరీ ఖరీదైంది వద్దు."

ట్వంటీటూ పిస్టల్ ఒకటి నా ముందు పెట్టింది. నల్లగా, తేలిగ్గా, బొమ్మలాగే ఉంది. తూటాలు చిన్నవి, చవక. వెనక అంచు మీద పిన్ను కొడితే పేలే రకం. "మొదటిసారి పట్టుకునేవాళ్ళకి ఇదే మంచిది. వెనక్కి తన్నదు. రకూన్‌కి సరిపోతుంది. కయోటీకి చాలదు, బెదిరి పారిపోతుందంతే."

"కుక్కంత జంతువుకైతే?"

బార్బరా నా వైపు కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఎంత దగ్గర్నుంచి అన్నదాన్ని బట్టి" అంది.

ఇంకేం అడగలేదు. ఇంట్లో మైనర్ ఉందని చెబితే తాళం పెట్టెతో సహా ఇచ్చింది. దాన్ని మా బెడ్‌రూమ్ అల్మారాలో పెట్టి, తాళంచెవి నా గొలుసుకి కట్టుకున్నాను. పద్మనాభం ఆ అల్మారాలోంచి తన చొక్కాలు పక్క గదిలోకి మార్చుకున్నారు.

స్టేట్ వాళ్ళ షూటింగ్ రేంజ్ మా ఇంటికి దగ్గరే. మట్టికట్ట ముందు చెక్క ఫ్రేములు, వాటికి కాగితాలు. ఇవతల బల్లలు. బల్లల వెనక నేల మీద పసుపు గీత. కాల్పులు ఆపమని రేంజ్ ఆఫీసర్ అరిచినప్పుడు అందరూ తుపాకులు ఖాళీ చేసి, తెరిచి, బల్ల మీద పెట్టి, పసుపు గీతకు ఇవతలకి వచ్చెయ్యాలి. అప్పుడే మనుషులు అవతలికి వెళ్ళి కాగితాలు మార్చుకుంటారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఎవరూ తుపాకీ వైపు చెయ్యి కూడా చాపకూడదు.

నేను ఆ పిస్టల్‌ని బ్రేకుని టెస్ట్ చేసినట్టే టెస్ట్ చేశాను. చవక తూటాల డబ్బా ఒకటి, కాస్త మంచిది ఒకటి, మెల్లగా వెళ్ళే రకం ఒకటి కొన్నాను. చవకవి అప్పుడప్పుడూ మొరాయించాయి. టిక్కుమని చప్పుడు, పేలుడు లేదు. అలాంటప్పుడు గొట్టం మట్టికట్ట వైపే ఉంచి కాసేపు ఆగాలి, ఆలస్యంగా పేలొచ్చు. మెల్లగా వెళ్ళేవి పేలాయి గానీ తూటా ఖాళీ తొడుగు బయటికి పడక, పిస్టల్ పైన జారే స్లయిడ్‌లో ఇరుక్కుంది. మంచి డబ్బావి ఒక్కటి కూడా తప్పలేదు. చవక డబ్బా పక్కన పడేశాను. నాకు కావలసింది ఒక్కసారి నొక్కితే ఒక్కసారి పేలేది.

గురి మాత్రం మొదట్లో కుదరలేదు. దెబ్బలన్నీ ఎడమ పక్కకీ కిందికీ పడేవి. పిస్టల్ లోపమనుకుని, గురి చూసే వెనక సైటు తిప్పాను. పక్క బల్ల దగ్గర ముసలాయన చూసి, "సైటు సరిగ్గానే ఉంది. నువ్వు ట్రిగ్గర్‌ని కోపంగా లాగుతున్నావు" అన్నాడు. "నెమ్మదిగా నొక్కు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియకూడదు."

జూన్ అంతా అదే పని. ఆ కాగితం మీద నల్ల చుక్కకి ముఖం గీసుకోవలసిన అవసరం నాకు లేకపోయింది. నవ్వుతూ కారు తుడుస్తున్న చెయ్యి, వంకాయ మీదికి వెళ్తున్న గరిటె వాటంతటవే వచ్చేవి. కోపం పోలేదు, చల్లబడిందంతే. చల్లబడ్డ కొద్దీ చిల్లులు దగ్గర దగ్గరగా పడ్డాయి. జూలై వచ్చేసరికి మా గూటి నుంచి అడవి అంచుకి ఉన్నంత దూరంలో, ఒక మ్యాగజైన్‌లో పట్టే తూటాలన్నీ అరచేతిలో ఇమిడేటంత చోట కొట్టగలిగాను.

టౌన్‌షిప్ ఆఫీసులో కూడా అడిగాను. కోళ్ళ మీద పడుతున్న కుక్కని, పడుతుండగా చూస్తే, కాల్చే హక్కు కోళ్ళ యజమానికి ఉంటుందన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

దేదీప్య కనిపెట్టేసింది.

"అమ్మా, నువ్వు వెయిట్ చేస్తుంది రకూన్ కోసం కాదు కదా?"

నేను కోళ్ళకి నీళ్ళు పోస్తున్నాను.

"అమ్మా! ఇట్స్ ఎ డాగ్. వాడికి ఏం తెలుసు? నేను వాడిని వాక్‌కి తీసుకెళ్ళేదాన్ని, రిమెంబర్?"

"వాడికి తెలీదు. వాడిని పెంచేవాళ్ళకి తెలుసు."

"దెన్ వాళ్ళతో మాట్లాడు. నువ్వు ఎవరితో మాట్లాడవు. ఓన్లీ ఆ రేంజ్‌కి వెళ్తావు. ఐ డోంట్ లైక్ యూ లైక్ దిస్."

తలుపు గట్టిగా వేసుకుని లోపలికి పోయింది. అప్పటికి మిగిలిన కోళ్ళు సగమే.

* * *

జూలై మధ్యలో ఒక పొద్దున్న వచ్చాడు కూపర్.

గడ్డి మీద ఇంకా మంచు తడి ఉంది. నేను గూటి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, అన్ని పొద్దుల్లాగే. అడవి అంచున కంచె కింద మట్టి తవ్విన సందు ఉంది, నేను దాన్ని పూడ్చకుండా ఉంచాను. అందులోంచి తల దూర్చి, ఒళ్ళు దులుపుకుని, తిన్నగా కోళ్ళ మధ్యకి వచ్చాడు. తొందర కూడా లేదు. చుక్కల పెట్టని మెడ పట్టుకుని ఒక్కసారి విదిలించాడు. అది అరవను కూడా లేదు.

నేను లేచి, చెయ్యి గూటి స్తంభం మీద ఆనించాను. ముందు సైటు కూపర్ భుజం వెనక కుదురుకుంది. ముసలాయన చెప్పినట్టే నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టాను. వీరాంజనేయులు గారు కారు తుడిచే గుడ్డ వదిలేసి పరిగెత్తుకొస్తారు, ఆయన ముఖం చూడాలి, అదొక్కటే ఉంది నా మనసులో.

అప్పుడు కుక్క వెనక, చెట్ల మధ్య, నీలం రంగు కదిలింది.

"కూపర్... కూపర్, రా నాన్నా..."

జయంతి వదిన. నైటీ మీద నీలం స్వెటర్ వేసుకుని, చేతిలో పట్టీతో సరిగ్గా నా గురికి ఎదురుగా వస్తోంది.

వేలు తీసేశాను. పిస్టల్ కిందికి దించాను. నా మనసు కరిగిందని కాదు. వెనక మనిషి ఉంది, అంతే.

వదిన కంచె దగ్గరికి వచ్చి కుక్క నోట్లో కోడిని చూసింది. నా చేతిలో పిస్టల్ చూసింది. పట్టీ జారవిడిచి, రెండు చేతులతో కంచె పట్టుకుంది.

"నాకు తెలుసు వదినా" అంది. "ముందు కూడా ఈకలు తెచ్చుకున్నాడు. నీకు చెప్దామన్నాను. ఆయన వద్దన్నారు."

నేను మ్యాగజైన్ తీసి, పిస్టల్ ఖాళీ చేసి, లోపలికి వెళ్ళి పెట్టెలో పెట్టి తాళం వేశాను. చేతులు కడుక్కున్నాను. తర్వాత కూపర్ వదిలేసిన చుక్కల పెట్టని కాళ్ళు పట్టుకుని వాళ్ళ ఇంటికి నడిచాను. వదిన కుక్కని పట్టుకుని నా వెనకే వచ్చింది.

వీరాంజనేయులు గారు ఇంటి వెనక చెక్క డెక్ మీద కాఫీ తాగుతున్నారు. కోడిని ఆయన కప్పు పక్కన పెట్టాను.

"మీ కయోటీ అన్నయ్యగారూ."

ఆయన భార్య వైపు చూసి, కోడి వైపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "సారీ చెల్లెమ్మా. ఎంతో చెప్పు, ఇచ్చేస్తాను."

"కోడి ధర అడగడానికి రాలేదు. ఆ ఆదివారం మా ఇంట్లో భోంచేసేటప్పటికే మీకు తెలుసు కదా?"

ఏ ఆదివారమని ఆయన అడగలేదు. "తెలుసు" అన్నారు.

"నా కూర తింటూ, ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"అదేంటి, నీకు తెలియకపోవడమేంటి?" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు. "తెలిసి కూడా పిలిచి భోజనం పెట్టావు, ఎంత మంచి మనసని మేం కార్లో అనుకుంటూ వెళ్ళాం."

"నాకెలా తెలుస్తుంది?"

ఆయన కప్పు కింద పెట్టారు. అది పెట్టిన తీరు చూసి నాకు భయం వేసింది.

"మీ ఇద్దరిలో ఒక్కరినే ఉంచగలనని వారం ముందే పద్మనాభానికి చెప్పాను. ఎవరన్నది ఇద్దరూ మాట్లాడుకుని చెప్పమన్నాను. మర్నాడు ఫోన్ చేసి, మాట్లాడుకున్నాం, తనే మానేస్తానంటోంది అన్నాడు."

వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. నేను పక్కకి జరిగాను. కోడిని అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

* * *

పద్మనాభం వంటింట్లో నిలబడి టోస్ట్‌కి వెన్న రాసుకుంటున్నారు. ఆఫీసు బ్యాడ్జి మెడలో ఉంది.

"ఎవరన్నది మాట్లాడుకుని చెప్పమన్నారట" అన్నాను.

వెన్న రాసే చెయ్యి ఆగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకు సిద్ధంగా లేరేమో. నా వైపు చూడకుండా, "నీకు ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది అనుకున్నాను. నాకు దొరకదు" అన్నారు.

"అడిగితే నేనే మానేసేదాన్నేమో."

"అడిగితే నువ్వు అవునంటావో కాదంటావో తెలీదు. కాదంటే..."

ఆ మార్చి నుంచి ఆయన మాట్లాడినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాత్రి నేను ఏడుస్తుంటే వీపు నిమురుతూ, "ఆయన్ని తిట్టుకోకు, పైవాళ్ళ ఒత్తిడి ఉంటుంది" అనడం. నేను కోళ్ళ గూడు కడుతుంటే మేకులు అందించడం. వదిలెయ్ దుర్గా, వదిలెయ్ దుర్గా అని వేసవి అంతా అనడం.

"శనివారం నాతో రేంజ్‌కి రా" అన్నాను.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన్ని నేనెప్పుడూ ఏకవచనంలో పిలవలేదు. అతను తలెత్తి చూశాడు.

"ఎందుకు?"

"రా."

అతను వచ్చాడు. పిస్టల్ పెట్టె వెనక సీట్లో ఉంది, మలుపు తిరిగినప్పుడల్లా అతను అద్దంలో దాన్ని చూసుకున్నాడు. రేంజ్‌లో అతనికి చెవి కప్పులు, కళ్ళద్దాలు ఇచ్చాను. ఆరోజు మంచి డబ్బాలోంచే కాల్చాను. అతను నా వెనక నిలబడ్డాడు. ప్రతి పేలుడుకీ అతను ఉలిక్కిపడడం నాకు కనబడకపోయినా తెలుస్తూనే ఉంది.

కాల్పులు ఆపమని ఆఫీసర్ అరిచాడు. పిస్టల్ ఖాళీ చేసి, తెరిచి, బల్ల మీద పెట్టాను. పసుపు గీతకు ఇవతలకి వచ్చి చేతులు కట్టుకున్నాను.

"కాగితం మార్చి రా" అన్నాను.

"నేనా?"

"నువ్వే."

కొత్త కాగితం, స్టేప్లర్ తీసుకుని అతను గడ్డిలో నడిచాడు. మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెళ్తున్నారు. అతను ఒక్కడే మెడ బిగించుకుని వెళ్ళాడు. మధ్యదారిలో ఆగి వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, బల్లని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. నా చేతులు కట్టుకునే ఉన్నాయి. తుపాకీ ఖాళీగా, తెరిచి, అందరి ఎదుటా పడి ఉంది. అయినా అతను భయపడ్డాడు. నా మొగుడు నన్ను చూసి భయపడ్డాడు.

ఆ వేసవి అంతా నేను ఎవరి ముఖం మీదో చూడాలనుకున్నది అదే. కడుపు నిండినట్టయింది. అది ఎంతసేపో ఉండలేదు గానీ, ఉన్నంతసేపూ నిజంగా బాగుంది.

అతను కాగితం కొట్టి తిరిగి వచ్చాడు. పాతది నా చేతికిచ్చాడు. చిల్లులన్నీ కలిసిపోయి మధ్యలో ఒకటే కన్నంలా ఉంది.

"నన్ను ఏం చెయ్యమంటావు దుర్గా?" అన్నాడు.

"ఏం వద్దు. కారెక్కు" అన్నాను.

* * *

ఆగస్టు మొదట్లో, దేశానికి అవతలి అంచున ఉన్న ఫ్రీమాంట్ నుంచి ఫోన్ వచ్చింది. కరెంటు కార్ల కంపెనీ, బ్రేకుల టెస్టింగ్. మూడు ఇంటర్వ్యూలు అయ్యాక నాకు ఉద్యోగం ఇచ్చారు. నాకు ఎక్కడైనా దొరుకుతుందని పద్మనాభం అనుకోవడం తప్పు కాదు. ఆ సంగతి నాకు ఇంకా మంట పుట్టిస్తుంది.

పిస్టల్‌ని బార్బరాకి తిరిగి అమ్మేశాను. కోళ్ళని దాణా షాపు వాళ్ళకి తెలిసిన ఒకావిడ తీసుకుపోయింది. దేదీప్యని యాన్ ఆర్బర్‌లో హాస్టల్‌లో దింపాను. దానికి ఎంత తెలుసో నాకు తెలీదు. గదిలో పక్క పరుస్తుంటే, "అమ్మా, డాడీతో ఫైట్ అయిందా?" అంది. అయిందన్నాను. "కూపర్ గురించా?" అంది. కాదన్నాను. ఇంకేం అడక్కుండా నన్ను గట్టిగా పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి పద్మనాభం టేబుల్ మీద ఫ్రీమాంట్ అద్దె ఇళ్ళ వివరాలు లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

"అక్కడ రెంట్లు దారుణం. చిన్నదే చూసుకోవాలి. మనం ఎప్పుడు బయల్దేరదాం?" అన్నాడు.

"నేను శుక్రవారం బయల్దేరుతున్నాను."

అతను మనం అన్నాడు, నేను నేను అన్నాను. ఆ తేడా అతనికి అర్థమయ్యేదాకా ఎదురుచూశాను. లాప్‌టాప్ నెమ్మదిగా మూసేశాడు.

"మళ్ళీ ఎప్పుడు..." అన్నాడు.

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు అప్పుడు.

శుక్రవారం పొద్దున్న నేను కారులో సామాను సర్దుతుంటే వీరాంజనేయులు గారు నడుచుకుంటూ వచ్చారు. జయంతి వదిన రాలేదు. కుక్కని లోపల కట్టేసుకుని కూర్చుందట. ఆయన దారిలో జాగ్రత్తలు చెప్పారు, అయోవాలో గాలివానలు ఉన్నాయన్నారు. నన్ను చెల్లెమ్మా అనలేదు. నేనూ ఏ వరసా పెట్టి పిలవలేదు.

కారు రోడ్డు మీదికి తిప్పి అద్దంలో చూశాను. ఆయనా, పద్మనాభమూ మా గరాజ్ ముందు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇక రోజూ ఒకరికొకరు ఆఫీసులోనూ కనబడాలి, ఇంటి దగ్గరా కనబడాలి. ఎవరి వల్ల ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు. వీరాంజనేయులు గారు చెయ్యి ఊపారు. అది చూసి పద్మనాభం కూడా ఊపాడు.

నేను అద్దం సరిచేసుకుని రోడ్డు వైపు చూశాను.